ఎక్స్‌టెన్షన్ లేకుండా కంప్యూటర్ మొత్తానికీ ప్రకటనలు ఆపడం ఎలా?

క్రోమ్‌లో ఇన్నాళ్లూ బాగా పనిచేసిన యాడ్ బ్లాకర్ ఉన్నట్టుండి ఆగిపోయిందని, ఇప్పుడేం పెట్టుకోవాలని చాలామంది అడుగుతున్నారు. తప్పు మీ కంప్యూటర్‌ది కాదు. పాత పద్ధతిలో రాసిన ఎక్స్‌టెన్షన్లను (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న అదనపు ప్రోగ్రాములను) క్రోమ్ 2024 జూన్ నుంచి దశలవారీగా నిలిపివేస్తూ వచ్చింది. ఎక్కువమంది వాడే యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ కూడా అందులోనే పోయింది. మరికొందరి ప్రశ్న వేరు: బ్రౌజర్‌లో ప్రకటనలు ఆగాయి, కానీ ఉచితంగా దించుకున్న ఆటలో, వీడియో ప్లేయర్‌లో వస్తూనే ఉన్నాయి, వాటి సంగతేమిటి? ఎక్స్‌టెన్షన్ అధికారం బ్రౌజర్ వరకే. దాని బయట ఉన్న ప్రోగ్రాముల జోలికి అది పోలేదు.

రెండు బాధలకూ ఒకటే మందు: కంప్యూటర్ వాడే డీఎన్‌ఎస్‌ను, అంటే సైట్ల చిరునామాలు చెప్పే సర్వర్‌ను, మార్చడం. పది నిమిషాల పని. కొత్త ప్రోగ్రాం ఏదీ ఎక్కించనక్కర్లేదు, డబ్బు కట్టనక్కర్లేదు.

దీన్ని నేను ఎందుకు ఇంత గట్టిగా చెబుతానంటే, తెనాలిలో మా పెద్దనాన్నగారు ఒకసారి పంచాంగం పీడీఎఫ్ కోసం ఏదో సైటు తెరిచారు. పేజీ నిండా పచ్చటి రంగులో పెద్దపెద్ద 'డౌన్‌లోడ్' బటన్లు మూడు. అసలు లింకు నాలుగోది, అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఆయన మొదటిది నొక్కారు. పంచాంగం రాలేదు కానీ, 'మీ డ్రైవర్లు పాతబడ్డాయి, డబ్బు కడితే బాగుచేస్తాం' అని రోజూ తెరమీదికి వచ్చే ప్రోగ్రాం ఒకటి వచ్చి కూర్చుంది. దాన్ని పూర్తిగా తీసేయడానికి నాకు ఒక పూట పట్టింది. ఆ తరువాత డీఎన్‌ఎస్ మార్చి అదే పేజీ మళ్లీ తెరిచాం. మూడు బటన్లున్న చోట తెల్లటి ఖాళీలు, అడుగున అసలు లింకు. అప్పటినుంచి ఇంట్లో పెద్దవాళ్ల కంప్యూటర్ ఏ పనిమీద ముట్టుకున్నా ముందు ఈ సెట్టింగు చూస్తాను.

ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో

కొత్త ఊరికి వెళ్లినవాళ్లు రచ్చబండ దగ్గర ఆగి ఫలానావారి ఇల్లెక్కడ అని అడిగినట్టు, మీ కంప్యూటర్ ఏ సైటుకు వెళ్లాలన్నా ముందు డీఎన్‌ఎస్ సర్వర్‌ను దాని చిరునామా అడుగుతుంది. ప్రకటనలు సాధారణంగా మీరు చదివే సైటు నుంచి రావు, వేరే కంపెనీల సర్వర్ల నుంచి వస్తాయి. ప్రకటనలను వడపోసే డీఎన్‌ఎస్, ఆ సర్వర్ల పేరు అడిగినప్పుడు '0.0.0.0' అనే పనికిరాని చిరునామా ఇస్తుంది. చిరునామా దొరకనప్పుడు ప్రకటన రాదు. అడిగింది బ్రౌజరా, ఆటా, ఇంకేదైనా యాపా అన్న తేడా దీనికి లేదు.

కావలసినవి

విండోస్ 11 ఉన్న కంప్యూటర్ (విండోస్ 10, మ్యాక్, ఉబుంటు దారులు కూడా కింద ఉన్నాయి), దానిమీద అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్, ఒక కాగితం, కలం. కాగితం దేనికంటే, మార్చే ముందు ఇప్పుడున్న సెట్టింగు రాసిపెట్టుకోవడానికి.

ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ మీద ఇది చేయకండి. ఆఫీసు లోపలి సైట్ల పేర్లు వాళ్ల సొంత డీఎన్‌ఎస్‌కే తెలుస్తాయి. మీరు మార్చిన మరుక్షణం అవి తెరుచుకోవు, జవాబు చెప్పుకోవలసింది మీరు.

ఈ వివరణలో నేను వాడుతున్నది యాడ్‌గార్డ్ సంస్థ ఉచితంగా నడుపుతున్న డీఎన్‌ఎస్. రెండు అంకెలు రాసుకోండి:

94.140.14.14
94.140.15.15

పిల్లలు వాడే కంప్యూటర్ అయితే వీటికి బదులు 94.140.14.15, 94.140.15.16 పెట్టండి. ప్రకటనలతో పాటు అశ్లీల సైట్లనూ ఆపుతాయి.

వీడియోల్లోనో వాట్సాప్‌లోనో ఎవరో చెప్పిన అంకెలు మాత్రం పెట్టకండి. డీఎన్‌ఎస్ నడిపేవాళ్లకు మీరు ఏ సైట్ల పేర్లు అడుగుతున్నారో కనిపిస్తుంది. దుర్బుద్ధి ఉంటే మిమ్మల్ని తప్పుడు చిరునామాకూ పంపగలరు. ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. డీఎన్‌ఎస్ ఛేంజర్ అనే వైరస్ లక్షలాది కంప్యూటర్లలో ఈ అంకెలనే దొంగచాటుగా మార్చేసింది. దాన్ని నడిపిన ముఠాను అమెరికా ఎఫ్‌బీఐ దర్యాప్తుతో 2011లో పట్టుకున్నారు.

చేయవలసిన పని

1. స్టార్ట్ మెనూలో 'సెట్టింగ్స్' తెరవండి. ఎడమవైపు 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్' నొక్కి, 'వై-ఫై' లోకి, అక్కడ 'హార్డ్‌వేర్ ప్రాపర్టీస్' లోకి వెళ్లండి. తీగతో కనెక్షన్ ఉంటే వై-ఫై బదులు 'ఈథర్‌నెట్'. ఇక్కడ జాగ్రత్త: మీ వై-ఫై పేరుతో ఉండే 'ప్రాపర్టీస్' వేరు, ఈ 'హార్డ్‌వేర్ ప్రాపర్టీస్' వేరు. మొదటిదానిలో మార్చితే ఆ ఒక్క వై-ఫైకే వర్తిస్తుంది. ఫోన్ హాట్‌స్పాట్‌కు మారగానే ప్రకటనలు మళ్లీ మొదలవుతాయి.

2. 'డీఎన్‌ఎస్ సర్వర్ అసైన్‌మెంట్' అన్న వరుస చూడండి. పక్కన 'ఆటోమేటిక్' అని ఉంటే కాగితం మీద ఆ మాట రాసుకోండి. అంకెలుంటే అంకెలు రాసుకోండి. తరువాత 'ఎడిట్' నొక్కండి.

3. 'ఆటోమేటిక్' ను 'మాన్యువల్' చేయండి. 'ఐపీవీ4' మీటను ఆన్ చేయండి (ఐపీవీ4, ఐపీవీ6 అనేవి నెట్ చిరునామాల్లో పాత, కొత్త రకాలు). 'ప్రిఫర్డ్ డీఎన్‌ఎస్' గడిలో మొదటి అంకె, 'ఆల్టర్నేట్ డీఎన్‌ఎస్' గడిలో రెండో అంకె టైప్ చేయండి. చుక్కలు మరవకండి, మధ్యలో ఖాళీలు ఉండకూడదు.

4. అదే కిటికీలో కిందికి జరిపి 'ఐపీవీ6' మీటనూ ఆన్ చేయండి. ఈ మెట్టు దాటేసినవాళ్లే 'చేశాను, అయినా ప్రకటనలు వస్తున్నాయి' అని తిరిగి వస్తారు. జియో, ఎయిర్‌టెల్ లాంటి కనెక్షన్లలో ఇప్పుడు ఐపీవీ6 మామూలు. ఆ గడులు ఖాళీగా వదిలితే కంప్యూటర్ పాత డీఎన్‌ఎస్‌నే ఆ దారిలో అడుగుతుంది. మొదటి గడిలో 2ఏ10:50సీ0::ఏడీ1:ఎఫ్ఎఫ్, రెండో గడిలో 2ఏ10:50సీ0::ఏడీ2:ఎఫ్ఎఫ్. ఇక్కడ తెలుగులో రాసిన ఏ, సీ, డీ, ఎఫ్ లను మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి. రెండు చుక్కల గుర్తు (:) పక్కపక్కనే రెండుసార్లు వచ్చే చోట అలాగే ఉంచాలి. ఇవి మామూలు వడపోతకు సంబంధించినవి. పిల్లల అంకెలు పెట్టినవారు వీటిని వాడితే అశ్లీల సైట్ల అడ్డు ఈ దారిలో పనిచేయదు, కాబట్టి యాడ్‌గార్డ్ సైటులో 'ఫ్యామిలీ' కింద ఉన్న ఐపీవీ6 అంకెలు తీసుకోండి.

5. ప్రతి గడి కిందా 'డీఎన్‌ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్' అన్నది ఉంటుంది, అంటే మీరు అడిగే పేర్లు దారిలో ఎవరికీ కనిపించకుండా పంపే పద్ధతి. దీన్ని ఆఫ్‌లో వదిలినా ప్రకటనలు ఆగుతాయి. మొదటిసారి చేసేవారు వదిలేయమనే నా సలహా. ముందు పని జరుగుతోందని తేలాక, గోప్యత కోసం మళ్లీ వచ్చి 'మాన్యువల్ టెంప్లేట్' ఎంచుకుని యాడ్‌గార్డ్ సైటులో ఇచ్చిన టెంప్లేట్ చిరునామా అతికించవచ్చు.

6. 'సేవ్' నొక్కండి. ఇంట్లో వై-ఫై, తీగ రెండూ వాడుతుంటే ఇదంతా రెండోదానికీ చేయాలి. ఒకదానిలో మార్చింది ఇంకోదానికి వర్తించదు.

7. స్టార్ట్‌లో ఇంగ్లీషులో 'సీఎండీ' అని టైప్ చేసి నల్ల కిటికీ తెరవండి. అందులో 'ఐపీకాన్ఫిగ్', ఒక ఖాళీ, ఏటవాలు గీత, వెంటనే 'ఫ్లష్‌డీఎన్‌ఎస్' అని ఇంగ్లీషులో (ipconfig /flushdns) టైప్ చేసి ఎంటర్ కొట్టండి. కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న పాత చిరునామాలు చెరిగిపోతాయి. బ్రౌజర్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి.

8. చివరిది బ్రౌజర్ లోపల. క్రోమ్‌లో సెట్టింగ్స్, 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ', 'సెక్యూరిటీ' వరుసగా తెరిస్తే 'యూజ్ సెక్యూర్ డీఎన్‌ఎస్' అని కనిపిస్తుంది. అక్కడ గూగుల్‌దో క్లౌడ్‌ఫ్లేర్‌దో ఎంచుకుని ఉంటే బ్రౌజర్ మీ సెట్టింగును పట్టించుకోకుండా నేరుగా వాళ్లనే అడుగుతుంది. దాన్ని ఆఫ్ చేయండి. ఎడ్జ్‌లోనూ ఇదే పేరుతో ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో 'డీఎన్‌ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్' కింద 'ఆఫ్' ఎంచుకోండి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంకా వాడుతున్నవారు కంట్రోల్ ప్యానెల్‌లో 'నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్', 'ఛేంజ్ అడాప్టర్ సెట్టింగ్స్', కనెక్షన్ మీద రైట్ క్లిక్, 'ప్రాపర్టీస్' దారిలో వెళ్లి, ఐపీవీ4, ఐపీవీ6 రెండింటిలోనూ ఇవే అంకెలు ఇవ్వాలి. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, నెట్‌వర్క్, వై-ఫై, 'డీటెయిల్స్', 'డీఎన్‌ఎస్'. ఉబుంటులో వై-ఫై పక్కనున్న చక్రం గుర్తు నొక్కి, ఐపీవీ4 ట్యాబ్‌లో డీఎన్‌ఎస్ పక్కనున్న 'ఆటోమేటిక్' ఆపి, అంకెల మధ్య కామా పెట్టి రాయాలి. ఐపీవీ6 ట్యాబ్‌లోనూ అంతే.

పనిచేస్తోందో లేదో చూడటం

ఏదో ఒక సైటు తెరిచి 'ప్రకటనలు తగ్గినట్టున్నాయి' అనుకోవడం పరీక్ష కాదు. నల్ల కిటికీలో 'ఎన్‌ఎస్‌లుకప్', ఒక ఖాళీ, 'డబుల్‌క్లిక్ డాట్ నెట్' అని ఇంగ్లీషులో (nslookup doubleclick.net) టైప్ చేయండి. ఇది గూగుల్ ప్రకటనల సర్వర్ పేరు. ఎంటర్ కొట్టగానే పై రెండు వరుసల్లో జవాబిచ్చిన సర్వర్ చిరునామా కనిపిస్తుంది. అక్కడ మీరిచ్చిన అంకె ఉండాలి. కింద జవాబులో 0.0.0.0 ఉండాలి. దానితోపాటు రెండు చుక్కల గుర్తు పక్కపక్కనే రెండుసార్లు (::) కనిపిస్తే కంగారుపడకండి, అది ఐపీవీ6 దారిలో వచ్చిన అలాంటి ఖాళీ జవాబే.

తేడా కళ్లారా చూడాలంటే అదే వరుస చివర ఇంకో ఖాళీ వదిలి 8.8.8.8 చేర్చి మళ్లీ కొట్టండి. ఈసారి గూగుల్ డీఎన్‌ఎస్‌ను అడిగినట్టు. అసలు చిరునామా వస్తుంది. రెండు జవాబులూ వేరుగా ఉంటే మీ పని పూర్తయినట్టే.

పై వరుసల్లో మీరివ్వని చిరునామా కనిపిస్తే ఆరు, నాలుగు మెట్లు మళ్లీ చూడండి. నల్ల కిటికీలో 0.0.0.0 వస్తున్నా క్రోమ్‌లో మాత్రం ప్రకటనలు వస్తుంటే ఎనిమిదో మెట్టు చూడండి. అన్నీ సరిగా ఉన్నా 0.0.0.0 రాకపోతే వీపీఎన్ (మీ నెట్‌ను వేరే సర్వర్ గుండా మళ్లించే ప్రోగ్రాం) నడుస్తోందేమో చూడండి. వీపీఎన్ ఆన్‌లో ఉంటే దాని డీఎన్‌ఎస్‌దే పైచేయి.

ఎక్కువమంది చేసే పొరపాటు

'ఎందుకైనా మంచిది' అని రెండో గడిలో 8.8.8.8 పెట్టడం. వినడానికి బాగుంటుంది, మొదటిది పడిపోతే రెండోది ఆదుకుంటుందని. కానీ రెండో సర్వర్ మొదటిది చచ్చాక మాత్రమే పనిచేస్తుందని ఎవరూ మాట ఇవ్వలేదు. మొదటిది కాస్త ఆలస్యం చేసినా కంప్యూటర్ రెండోదాన్ని అడుగుతుంది, అది వడపోయకుండా చిరునామా ఇచ్చేస్తుంది. ఫలితంగా ప్రకటనలు ఒకసారి వస్తాయి, ఒకసారి రావు. కారణం దొరక్క మనిషి విసిగిపోతాడు. రెండు గడుల్లోనూ వడపోసే అంకెలే ఉండాలి.

ఇంకో అపోహ, డీఎన్‌ఎస్ ఏది మార్చినా ప్రకటనలు ఆగుతాయని. గూగుల్‌ది 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్‌ది 1.1.1.1 రెండూ మంచి సర్వర్లే, కానీ అవి ప్రకటనలను ఆపవు.

ఆగనివి ఏవి, చెడిపోయినట్టు కనిపించేవి ఏవి

యూట్యూబ్ ప్రకటనలు దీనితో ఆగవు. అక్కడ ప్రకటన వీడియో, మీరు చూడదలచిన వీడియో ఒకే రకం సర్వర్ల నుంచి వస్తాయి. పేరును బట్టి ఆపితే రెండూ పోతాయి. ఫేస్‌బుక్‌లో 'స్పాన్సర్డ్' అని వచ్చేవి, క్రికెట్ ప్రత్యక్ష ప్రసారంలో వీడియోలోనే కలిపి పంపేవి కూడా అంతే. డీఎన్‌ఎస్‌తో యూట్యూబ్ ప్రకటనలు ఆపుతామని ఎవరైనా అంకెలిస్తే నమ్మకండి.

గూగుల్‌లో వెతికినప్పుడు పైన వచ్చే 'స్పాన్సర్డ్' లింకులు కనిపిస్తాయి కానీ నొక్కితే పేజీ తెరుచుకోకపోవచ్చు. నెట్ పోయిందని ఇంట్లోవాళ్లు ఫోన్ చేసేది ఇక్కడే. వాళ్లకు ముందే చెప్పండి: ఆ లింకు వదిలేసి కిందికి జరిపి మామూలు ఫలితం నొక్కాలి. కస్టమర్ కేర్ నంబర్ల కోసం వెతికి మోసపోయే పెద్దవాళ్లకు ఇది ఒక రక్షణ అని కూడా నా అభిప్రాయం.

రైల్వే స్టేషన్‌లో, హోటల్లో వై-ఫైకి కలిసినప్పుడు ఓటీపీ అడిగే పేజీ రాకపోతే, తాత్కాలికంగా 'మాన్యువల్' ను 'ఆటోమేటిక్' కు మార్చి, లాగిన్ అయ్యాక మళ్లీ తిప్పండి.

కొన్ని వార్తా సైట్లు ప్రకటనలు రావడం లేదని గుర్తించి తెరుచుకోవు. ఈ ఉచిత డీఎన్‌ఎస్‌లో ఒక్క సైటుకు మినహాయింపు ఇచ్చే వీలు లేదు. అది కావాలంటే నెక్స్ట్‌డీఎన్‌ఎస్ లాంటిదానిలో ఖాతా తెరవండి. నెలకు 3 లక్షల ప్రశ్నల వరకు ఉచితం, ఒక ఇంటి కంప్యూటర్‌కు ఇది మామూలుగా సరిపోతుంది. మీ మినహాయింపుల జాబితా మీరే రాసుకోవచ్చు. నేను రోజూ చదివే పత్రికను ఆ జాబితాలో ఉంచాను, చందా కూడా కడతాను. రాసేవాళ్లకు జీతం ఎక్కడినుంచో రావాలి.

ఒకటి రెండు సైట్లనే ఆపాలంటే: హోస్ట్స్ ఫైలు

డీఎన్‌ఎస్ మార్చే వీలు లేనివారికి ఇంకో దారి ఉంది. డీఎన్‌ఎస్ 1983లో పుట్టకముందు, నెట్‌లో ఉన్న కంప్యూటర్లన్నిటి పేర్లూ ఒకే ఒక ఫైలులో ఉండేవి. ఆ ఫైలు వారసురాలు ఇప్పటికీ ప్రతి కంప్యూటర్‌లో ఉంది. మామూలుగా కంప్యూటర్ ముందు దాన్ని చూసి, అందులో లేకపోతేనే డీఎన్‌ఎస్‌ను అడుగుతుంది.

1. స్టార్ట్‌లో నోట్‌ప్యాడ్ వెతికి, రైట్ క్లిక్ చేసి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' నొక్కండి. మామూలుగా తెరిస్తే చివర్లో సేవ్ కాదు.

2. ఫైల్ మెనూలో 'ఓపెన్' నొక్కి సి డ్రైవ్, విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్ల వరుసలో వెళ్లండి. ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తుంది. అడుగున 'టెక్స్ట్ డాక్యుమెంట్స్' అన్నదాన్ని 'ఆల్ ఫైల్స్' చేస్తే 'హోస్ట్స్' కనిపిస్తుంది. ముందు దానికి ఒక నకలు తీసి డెస్క్‌టాప్ మీద పెట్టుకోండి.

3. చివర కొత్త వరుసలో 0.0.0.0, ఒక ఖాళీ, ఆపదలచిన సర్వర్ పేరు రాయండి. ముందు హెచ్‌టీటీపీఎస్, వెనుక ఏటవాలు గీత (/) ఉండకూడదు. నక్షత్రం గుర్తుతో 'దీని కింద ఉన్నవన్నీ' అని చెప్పడం ఇక్కడ కుదరదు. డబుల్‌క్లిక్ డాట్ నెట్ రాస్తే, దాని ముందు ఇంకో మాట చేరిన పేర్లు ఆగవు. ప్రతి పేరుకూ ఒక వరుస రాయాల్సిందే.

4. కంట్రోల్, ఎస్ కలిపి నొక్కి సేవ్ చేయండి. 'సేవ్ యాజ్' అని అడిగితే ఆగండి, మీరు అడ్మినిస్ట్రేటర్‌గా తెరవలేదన్నమాట. అక్కడ సరే అంటే 'హోస్ట్స్' బదులు చివర 'టీఎక్స్‌టీ' తోకతో వేరే ఫైలు పుడుతుంది, దాన్ని విండోస్ చూడనే చూడదు.

దీన్ని పరీక్షించడానికి ఎన్‌ఎస్‌లుకప్ పనికిరాదు. అది హోస్ట్స్ ఫైలును చూడకుండా నేరుగా డీఎన్‌ఎస్‌ను అడుగుతుంది. దాని జవాబు చూసి ఫైలు పనిచేయలేదని చెరిపేసినవాళ్లున్నారు. బదులుగా 'పింగ్', ఒక ఖాళీ, ఆ పేరు టైప్ చేయండి. అసలు చిరునామా నుంచి జవాబులు రాకూడదు.

ప్రోగ్రామర్లు తమ పని పంచుకునే గిట్‌హబ్ సైటులో స్టీవెన్ బ్లాక్ అనే ఆయన నిర్వహించే సిద్ధమైన జాబితా ఉంది, దాన్ని ఇందులో అతికించేవాళ్లున్నారు. అంత పెద్ద ఫైలు పెడితే కొన్ని విండోస్ కంప్యూటర్లు మందగిస్తాయి. జాబితా కూడా ఎప్పటికప్పుడు మీరే మార్చుకోవాలి. అందుకే నేను పది ఇరవై వరుసలు దాటనివ్వను. మైక్రోసాఫ్ట్ సర్వర్ల పేర్లు ఇందులో రాస్తే విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ దాన్ని దాడిగా భావించి హెచ్చరిస్తుంది, అవి రాయకండి. ఏదైనా సైటు చెడిపోతే ఆ వరుస ముందు హాష్ గుర్తు (#) పెట్టి సేవ్ చేస్తే చాలు.

మూలనుంచి లేచే హెచ్చరికలు

ఇవన్నీ చేశాక కూడా తెర కుడివైపు అడుగున 'మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు' లాంటివి లేస్తుంటే, అవి ఎప్పుడో ఏదో సైటుకు 'అలౌ' నొక్కడం వల్ల వస్తున్న నోటిఫికేషన్లు. బ్రౌజర్‌కు మీరే ఇచ్చిన అనుమతి కాబట్టి డీఎన్‌ఎస్ వాటన్నిటినీ ఆపలేదు. క్రోమ్‌లో సెట్టింగ్స్, 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ', 'సైట్ సెట్టింగ్స్', 'నోటిఫికేషన్స్' తెరవండి. అనుమతి ఉన్న సైట్ల జాబితా కనిపిస్తుంది. గుర్తుపట్టలేని ప్రతి పేరు పక్కనా మూడు చుక్కలు నొక్కి 'రిమూవ్' చేయండి. పెద్దనాన్నగారి కంప్యూటర్‌లో ఇలాంటివి పదకొండు దొరికాయి. తరువాత అదే పేజీ పైన, సైట్లు అనుమతి అడగకుండా ఉండే ఎంపికను ఆన్ చేసి వచ్చాను.

మొదట్లో రాసుకున్న కాగితం ఉంది కదా, దాని వెనుక 'సెట్టింగ్స్, నెట్‌వర్క్, వై-ఫై, హార్డ్‌వేర్ ప్రాపర్టీస్, ఎడిట్, ఆటోమేటిక్' అని వరుసగా రాసి కీబోర్డు అడుగున అతికించండి. ఏ రాత్రో కరెంటు బిల్లు కడుతుండగా పేజీ ఆగిపోతే, మీరు ఊళ్లో లేకపోయినా ఇంట్లోవాళ్లు ఆ ఆరు మాటలు చదువుకుని పాత స్థితికి తెచ్చుకోగలుగుతారు.